మా పంతులమ్మ, ఇనాందారు కథ

కండక్టరు చెప్పాడు. జమ్మలమడుగులో నేను పనిచేసే బడి రోడ్డు పక్కనే ఉంది. పులివెందుల నుంచి వచ్చే బస్సు ఆ మలుపులో కాస్త నెమ్మదిస్తుంది. ఆ రోజు ఆగింది. కండక్టరు దిగకుండానే మెట్టు మీద నుంచి వంగి, "ఏమ్మా, ఆడుండే మీ పంతులమ్మ పోయిందంట. నిన్న పొద్దున. నీకు జెప్పమన్నారు" అని, ఈల వేసి వెళ్లిపోయాడు. నా చేతిలో సుద్దముక్క ఉంది. లోపలికి వెళ్లి సగంలో ఆపిన భాగాహారం పూర్తి చేశాను. శేషం ఎంత అని పిల్లల్ని అడిగాను. వాళ్లు సరిగ్గానే చెప్పారు. బడి వదిలేదాకా నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు. అన్నం తింటే రుచి తెలియడం లేదు, అంతే. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయగలిగిన మనిషిని మా వీధిలో నేనే. ఆ రాయడం ఆమె పెట్టిందే. అందుకని రాస్తున్నాను.

మా ఇల్లు ప్రొద్దుటూరులో, మగ్గాల వీధిలో ఉంది. నాకు ముందు మా ఇంట్లో బడికి వెళ్లినవాళ్లు లేరు, మగవాళ్లతో సహా. ఒకరోజు పంతులమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాయన మగ్గం గుంటలో నుంచి తలెత్తి, "యాడికి తీసకపోతాండావమ్మా పాపను?" అని అడిగాడు.

"బడికి. సాయంత్రం తెచ్చిస్తా" అంది.

సాయంత్రం తెచ్చి ఇచ్చింది. మరుసటి రోజు మళ్లీ వచ్చింది. నాయన సరేనన్నదీ లేదు, వద్దన్నదీ లేదు. కొన్నాళ్లకు ఆమె రావడం ఆలస్యమైతే, "ఈపొద్దు బడి లేదా?" అని ఆయనే అడగడం మొదలుపెట్టాడు.

ఆమె మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకొని ఒంటరిగా ఉండేది. జిల్లా బోర్డు వారి ఆడపిల్లల బడిలో పని. భర్త సంగతి ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. వీధిలో నూలు పడుగు చాచి గంజి పెడుతుంటే ఆమె చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని, గోడకు ఆనుకొని నడిచేది. చెప్పు దుమ్ము తడి నూలు మీద పడకూడదని. వీధిలో పుట్టినవాళ్లం మేమే అంత జాగ్రత్తగా ఉండేవాళ్లం కాదు. పిల్లలు అబద్ధం చెబితే మాత్రం అరచేతి మీద బెత్తంతో ఒక్కటి కొట్టేది. ఒక్కటే. తర్వాత ఆ చేతిని తన చేతిలోకి తీసుకొని, "ఇంక అయిపోయింది, పో" అనేది.

మా ఇంట్లో ఇంకో మనిషి మా అత్త. నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పురిటి జ్వరంతో పోయింది. నన్ను పెంచింది అత్తే. శుభకార్యాలకు ఎదురు రాకూడని మనిషి కాబట్టి పండగనాడు గడప దాటేది కాదు. వీధిలో ఆమెకు ఉన్న మర్యాదల్లా ఒక్కటే, కషాయం. వాము, శొంఠి, ఇంకా ఏవో వేర్లు వేసి కాచేది. బాలింతకు నొప్పి అయినా, పసిబిడ్డకు కడుపు ఉబ్బరమైనా, "అక్కా, రవ్వంత కషాయం" అంటూ ఎవరో ఒకరు మా వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఆ పిలుపు విన్న రోజు అత్త నడకే వేరుగా ఉండేది.

అయితే ఒక మాట ఉంది. మా అమ్మ పోయిన రోజు, మా అమ్మమ్మ దుఃఖం ఆపుకోలేక వీధిలో నిలబడి, "ఏం కలిపి పోసినావే నా బిడ్డకు?" అని అత్తను అడిగిందట. తర్వాత అమ్మమ్మే ఆ మాటకు ఏడ్చి, అత్త చేతులు పట్టుకుందట. కానీ వీధి అప్పటికే వినేసింది. ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, ఎవరూ మరిచిపోలేదు కూడా. అత్త కషాయం తాగిన పిల్లలు వీధిలో ఆడుకుంటున్నంత కాలం అది పడుకొని ఉండేది.

పంతులమ్మ సెలవు రోజుల్లో మధ్యాహ్నం మా వసారాలో కూర్చొని కథలు చదివేది. వీధిలోని ఆడవాళ్లు రాట్నాలు తెచ్చుకొని చుట్టూ కూర్చొని, నేతకు కావలసిన కండెలు చుట్టుకుంటూ వినేవాళ్లు. ఆమె ఒక నియమం పెట్టింది. రాట్నం ఆగితే చదువు ఆగుతుంది. నిజంగానే ఆపేది. కథ బిగుసుకున్న చోట చేతులు తమంతట తామే నిలిచిపోయేవి. ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకొని గోడ వైపు చూస్తూ కూర్చునేది.

మా పక్కింటి అవ్వకు ఒళ్లు మండేది. "ఇదేం కట్టుబాటమ్మా తల్లీ! గుండె ఆగిపోతాంటే రాట్నం ఎట్ల తిప్పేది?"

"గుండె ఆగినా తిప్పాల్సిందే అవ్వా. పొద్దుగూకితే కండెలు ఏవని అడిగేది నేను కాదు, మీ కొడుకు."

"వాడి మొగం. నువ్వు సదువు."

రాట్నాలు మళ్లీ గిర్రున తిరిగేవి. దారాలు తెగేవి. ముడి వేసుకుంటూనే వినేవాళ్లు.

ఇనాందారు కథ అలాగే మొదలైంది. అది అపరాధ పరిశోధన నవల. ఊళ్లో చదవడం వచ్చినవాళ్లందరూ చదివి, ఒకరికొకరు చెప్పుకున్న పుస్తకం. పంతులమ్మ మాత్రం అంతకుముందు చదవలేదు. ముందే చదివేస్తే మీతోబాటు భయపడటం కుదరదు అనేది. పెద్ద మేడలో ఒక ఇనాందారు రాత్రి జబ్బుకు మందు తాగి పడుకొని తెల్లారేసరికి చనిపోయి ఉంటాడు. మందులో విషం. ఇంట్లో ఉన్నది ప్లీడరు, డాక్టరు, వంటమనిషి, ఇనాందారు తమ్ముడు, భర్త పోయి అన్న పంచన ఉంటున్న చెల్లెలు. మా వీధి సగం తమ్ముణ్ని అనుమానించింది, సగం వంటమనిషిని. అవ్వ మొదటి రోజు నుంచి ప్లీడరు మీదే ఉంది.

చివరి ప్రకరణం చదివిన రోజు నేను పంతులమ్మ పక్కనే కూర్చున్నాను. ఆమె వేలు తడిచేసి పేజీ తిప్పేది కాదు, చీపురుపుల్లతో తిప్పేది. ఆ రోజు పుల్ల ఒకచోట ఆగిపోయింది. ఆమె కళ్లు పేజీ కిందిదాకా వెళ్లి మళ్లీ పైకి వచ్చాయి. గొంతు మాత్రం ఆగలేదు. డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మొహం చూసి, "ప్లీడరు గారూ, మందులో విషం కలిపింది మీరే" అన్నాడని చదివింది. ఆస్తి కాగితాల సంగతి, ప్లీడరు పారిపోబోయిన సంగతి, పోలీసులు పట్టుకున్న సంగతి అన్నీ చదివింది. అంతసేపూ పేజీ తిరగలేదు.

"నేను జెప్పలా!" అని అవ్వ తొడ చరుచుకుంది. "నల్లకోటేసుకున్నోణ్ని ఇంట్లోకి రానిస్తే ఏమయితాది మరి!"

అందరూ నవ్వారు. స్తంభం దగ్గర కూర్చున్న అత్త కూడా నవ్వింది.

తర్వాత కొన్నాళ్లకు నాకు కూడబలుక్కోకుండా చదవడం వచ్చింది. పంతులమ్మ గదిలో ఆ పుస్తకం కనిపిస్తే తీసి చివరి ప్రకరణం చదివాను. చంపింది ప్లీడరు కాదు. చెల్లెలు. రోజూ అన్నకు కషాయం కాచి ఇచ్చే ఆ వితంతువే అందులో విషం కలిపింది. నేను పుస్తకం పట్టుకొని పంతులమ్మ ముందు నిలబడ్డాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"వాళ్లు విన్నది ఒకటి, నువ్వు చదివింది ఒకటి" అంది, చేట మీద నుంచి తల ఎత్తకుండా. "రెండూ నీ దగ్గరే ఉంచుకో."

ఉంచుకున్నాను. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లోనే ఆ నవలను సినిమా తీశారు. మా ఊరి హాలుకు వచ్చింది. ఎద్దుల బండికి రెండు పక్కలా బొమ్మలు కట్టి, ముందు డప్పు కొట్టించుకుంటూ వీధులన్నీ తిప్పారు. బండిలో ఉన్నవాడు పంచిన కాగితాల మీద, హంతకుడు ఎవరో చూడనివాళ్లకు చెప్పవద్దని వేడుకోలు కూడా అచ్చువేశారు. మా వీధి మగవాళ్లు మొదటి రోజే వెళ్లారు. మొదటి రోజే చెప్పేశారు.

అరుగుల మీద ఒకటే మాటలు. ఒకాయనకు కత్తిసాము నచ్చింది, అసలు కథలో కత్తే లేదు. ఒకాయన డిటెక్టివు చేసిన గుర్రపు స్వారీ గురించి చెప్పాడు. ఎదురింటాయన మాత్రం మా ఇంటి వైపు చూస్తూ గొంతు పెంచి, "కడాకు సూస్తే ఆ ముండమోపిది అబ్బా! కషాయంలో కలిపి పోసింది. ఎవరికైనా అనుమానం వస్తాదా? ఇంట్లో మనిషే గదా!" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. కొంచెం ఆలస్యంగా ఆ నవ్వు ఆగింది. అత్త లోపల పొయ్యి ఊదుతోంది. వినిపించిందో లేదో నాకు తెలియలేదు.

ఆ ఎదురింటి కోడలికి అప్పుడు నెలల పిల్లవాడు. రాత్రంతా కడుపునొప్పితో ఏడ్చినట్టున్నాడు. ఆ ఏడుపు విని, అత్త ఎవరూ పిలవకముందే గిన్నెలో కషాయం తీసుకొని వెళ్లింది. కోడలు గడపలోనే నిలబడింది.

"ఇప్పుడే నిద్రబోయినాడక్కా. ఆడ పెట్టి పో. లేసినాక తాపిస్తా."

అత్త పెట్టి వచ్చింది. కాసేపటికి నేను నీళ్లకు వెళుతుంటే వాళ్ల ఇంటి ముందు మురికికాలువలో వాము వాసన వచ్చింది. గిన్నె కడిగి గోడ మీద బోర్లించి ఉంది. లోపల పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం, ఆ మరుసటి రోజు మా వాకిట్లోకి కషాయం కోసం ఎవరూ రాలేదు. అత్త రెండుసార్లు పొయ్యి మీద పెట్టి, రెండుసార్లు దించేసింది.

పంతులమ్మకు చెప్పాను. ఆమె చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "రేపు ఆదివారం. ఆడవాళ్లందర్నీ మ్యాట్నీకి రమ్మను. మీ అత్తను కూడా" అంది.

"అత్తనెందుకమ్మా?"

"రాకపోతే రాలేదంటారు."

ఆమె హాల్లో ఏం చెప్పాలో అప్పటికే అనుకొని ఉందా, లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. ఇంక అడగడానికి లేదు.

హాల్లో ఆడవాళ్ల భాగం వేరు. మధ్యలో నడుమెత్తు గోడ. మా వీధివాళ్లం మూడు బెంచీలు నిండాము. అత్త ఒక చివర, పంతులమ్మ ఇంకో చివర. మగవాళ్లు చెప్పిన మాటను మావాళ్లు పూర్తిగా నమ్మలేదు, పూర్తిగా కొట్టెయ్యనూ లేదు. పుస్తకం పంతులమ్మ చదవగా విన్నవాళ్లు వాళ్లు. అచ్చులో ఉన్నది ఒకటి, తెరమీద ఇంకొకటి ఎలా అవుతుంది అన్నది వాళ్ల ధీమా. కళ్లతో చూసి తేల్చుకుందామని వచ్చారు.

మొదటి నుంచీ ప్లీడరు తెర మీదికి వస్తే చాలు, "వాడే, వాడే!" అని కేకలు. ఆ వేషం వేసినతను అందగాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు.

"ఎంత నయంగా మాట్లాడతాండాడో సూడు మే" అంది అవ్వ. "ఇట్లాంటోళ్లే కొంపలు ముంచేది."

గోడ అవతల నుంచి ఒక మగగొంతు, "ఓ యవ్వా, మమ్మల్ని ఇననీ!" అంది.

"నువ్వు మొన్ననే ఇన్నావు గదరా, ఇంకేంది ఇనేది!"

ఇనాందారు శవం ఇంకా మేడ మీద ఉండగానే తోటలో పాట వచ్చింది. ఎదురింటి కోడలు ఒళ్లోని పిల్లవాణ్ని ఊపుతూ, "పీనిగను ఇంట్లో పెట్టుకొని పాటేంది?" అని ముక్కున వేలేసుకుంది. వంటమనిషి చేసిన హాస్యానికి అందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. అత్త వైపు చూడకుండా ఉండటానికి నా చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను.

చివరికి తెర మీద డిటెక్టివు అందర్నీ మేడ హాల్లో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరి మొహం చూశాడు. ప్లీడరు ముందు ఆగాడు. మా బెంచీలన్నీ ఊపిరి బిగపట్టాయి. అతను ప్లీడరును దాటి ముందుకు నడిచి, తెల్లచీర కట్టుకొని మూలన నిలుచున్న చెల్లెలి ముందు ఆగాడు.

మా బెంచీల్లో కొన్ని తలలు అత్త వైపు తిరగడం నాకు తెలిసింది. అప్పుడు అవ్వ లేచి నిలబడి అరిచింది.

"రీలు మార్చినారు!"

నవ్వకండి. అంతకు ముందు ఏడాది ఊరి బయట డేరా వేసిన సినిమావాళ్లు రీళ్లు తారుమారుగా వేస్తే, ఒక రీల్లో చచ్చిపోయిన మనిషి తర్వాతి రీల్లో పెళ్లి చేసుకోవడం మేమందరం చూశాం. ఇంకోసారి వేరే సినిమా ముక్క కలిసిపోయింది. అవ్వకు తోచింది అదే. మిగిలినవాళ్లకూ అదే న్యాయంగా తోచింది. "రీలు మార్చినారు, మా రీలు మాకెయ్యండి!" అని ఆడవాళ్లు బెంచీల మీద చేతులతో కొట్టారు. ఆట ఆగింది. దీపాలు వెలిగాయి. బ్యాటరీ లైటు పట్టుకొని మేనేజరు వచ్చాడు.

"ఏందమ్మా ఈ గోల? రీలు మారలేదు, ఏం మారలేదు. కతే అంత."

"ఎట్లప్పా అంత?" అంది అవ్వ. "మేం పుస్తకం ఇన్నాం. సంపింది ప్లీడరు. మా పంతులమ్మ సదివింది, అచ్చులో ఉండేది."

"ఎవరా పంతులమ్మ?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎదురింటి కోడలు పిల్లవాణ్ని భుజానికి ఎత్తుకొని మరీ తిరిగి చూసింది. మేనేజరు చేతిలోని లైటు ఆమె మొహం మీద పడింది. గోడ అవతల మగవాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు. పుస్తకం చదివినవాళ్లున్నారు. ఆమె బడి హెడ్మాస్టరు కూడా ఉన్నారు.

పంతులమ్మ లేచింది. మాకు కథ చదివే గొంతుతోనే, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పింది.

"చంపింది ప్లీడరు. మీ రీలే తప్పు."

"సదువుకున్నోళ్లు, మీరు కూడా ఇట్లంటే ఎట్లమ్మా?"

"చదువుకున్నాను కాబట్టే చెప్తాండాను."

మేనేజరు ఇటు చూశాడు, అటు చూశాడు. సాయంత్రం ఆటకు జనం అప్పటికే బయట మూగుతున్నారు. మేం కదలేట్టు లేము. చివరికి విసిగిపోయి, "సరే తల్లీ! అసలు రీలు బెజవాడ నుంచి రావాల. రైల్లో ఎర్రగుంట్లకు వస్తే దించుకొని ఏస్తాం. ఈపొద్దుకు ఇండ్లకు పోండి" అన్నాడు.

ఆ రోజు అంత పెద్ద అబద్ధాలు రెండు చెప్పారు. రెండూ మా వీధికి చాలాకాలం పనికొచ్చాయి.

దారి పొడుగునా ఒకటే గెలుపు మాటలు. "సినిమావోళ్లు ఎంత మోసగాళ్లు మే!" "మగోళ్లు సూడు, తప్పుడు రీలు సూసొచ్చి మనకు జెప్పినారు!" ఆ రాత్రి ఎదురింటాయన అరుగు మీద నోరెత్తబోతే, కోడలే లోపల నుంచి, "నువ్వు సూసింది తప్పు రీలంట, ఊరుకో మామా" అంది. మరుసటి పొద్దున ఆమె పిల్లవాణ్ని చంకనేసుకొని మా వాకిట్లో నిలబడి, వీధంతా వినేలా, "అక్కా, రవ్వంత కషాయం!" అని పిలిచింది. అత్త పొయ్యి దగ్గర నుంచి లేచిన తొందరలో చెంగు తొక్కుకొని తూలింది.

హెడ్మాస్టరు గారు పంతులమ్మను పిలిపించినప్పుడు నేను హాజరు పట్టీ తీసుకొని గుమ్మం దగ్గర ఉన్నాను. "ఆ పుస్తకం నేనూ చదివినానమ్మా" అన్నారాయన. ఆమె "అవునండీ" అంది. "మరి?" అన్నారు. ఆమె నా చేతిలోని హాజరు పట్టీ అందుకొని ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ హాలు యజమానికి బోర్డు ఆఫీసులో పలుకుబడి ఉంది. బడి పంతులమ్మే ఆడవాళ్లను ఉసికొల్పి ఆట ఆపించిందని ఫిర్యాదు వెళ్లింది. ఆ వేసవి సెలవులు ముగిసేలోపు ఆమెకు పులివెందులకు బదిలీ అయింది.

జట్కాలో ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పెట్టుకొని వెళ్లింది. నాతో పెద్ద మాటలేవీ చెప్పలేదు. "సున్నాలు నీటుగా చుట్టు. నీ సున్నాలు ఆరుల్లా ఉంటాయి" అంది. అత్తతో, "మజ్జిగలో ఉప్పు తగ్గించక్కా" అంది. జట్కా పోయాక అత్త వాకిలి మళ్లీ ఒకసారి ఊడ్చింది. పొద్దున ఊడ్చిందే.

ఆ తర్వాత నేను ఆమెను చూసింది తక్కువ. టీచరు ట్రైనింగుకు ఎంపికైనప్పుడు పులివెందుల వెళ్లి చెప్పాను. నా అరచేతిని తన చేతిలోకి తీసుకొని, వదిలేసింది.

ఇప్పుడు ఇదంతా అచ్చులో పెట్టవచ్చా అని అత్తను అడిగాను. మా వీధిలో చదవడం వచ్చిన ఆడపిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. "రాసుకో పో" అంది అత్త. "ఆపొద్దు ఏడ్చిన ఆ పిల్లోడు ఇప్పుడు బడికి పోతాండాడు. ఇంకేమనేది నన్ను?"

కండక్టరు చెప్పిన సాయంత్రమే ప్రొద్దుటూరు వెళ్లి, మరుసటి రోజు అత్తను తీసుకొని పులివెందుల బయల్దేరాను. బస్సు ముద్దనూరు దాటాక అత్త కిటికీ బయటికి చూస్తూనే అడిగింది.

"రీలు మారలేదు గదా?"

"లేదత్తా."

"తెలుసులే."

"ఎప్పుడు తెలిసింది?"

"హాల్లోనే. ఆయమ్మ అందరి మొగాలూ సూసి మాట్లాడె. నా మొగం ఒక్కటి సూడలా." చెంగు ఒళ్లో సర్దుకుంటూ, "నేనూ అడగలా. అడిగితే ఏం జెప్తాది పాపం" అంది.

పులివెందులలో పంతులమ్మ ఉన్న గది చిన్నది. కార్యం అంతా కమలాపురం నుంచి వచ్చిన ఆమె తమ్ముడు చూసుకున్నాడు. గోడకు ఆనించి చాప చుట్టి ఉంది. ఆ వీధి ఆడవాళ్లు ఐదారుగురు కూర్చొని ఉన్నారు. మేము ఎవరమో చెప్పాం. జరిగి చోటిచ్చారు. వాళ్లలో నుదుట బొట్టులేని ఒకామె, అత్తకంటే చిన్నది, నెమ్మదిగా అంది.

"మాకు కతలు సదివేదమ్మా. ఇనాందారు కత శానాసార్లు సదివించుకున్నాం."

"మాకూ సదివింది" అంది అత్త.

"పాపం గదా ఆ ఇనాందారు. మందు సీసా మారి పోయినాడు."

అత్త తలెత్తింది. "సీసా మారేదేంది? సంపింది ప్లీడరు గదా!"

"ప్లీడరేందక్కా? ఎవరూ సంపలా. చీకట్లో ఆయనే తడువుకోని ఒక సీసా బదులు ఇంకో సీసా తాగె. కడాకు డిటెక్టివు అందర్నీ పిలిచి, మీలో ఎవరి తప్పూ లేదు, ఇండ్లకు పోండి అంటాడు."

"లేదమ్మా. ప్లీడరే. నేను సెవులారా ఇన్నా."

"మేమూ సెవులారా ఇన్నాం."

చావు జరిగిన ఇల్లు కాబట్టి ఇద్దరూ గొంతు తగ్గించే వాదించుకున్నారు. గుమ్మం దగ్గర కూర్చున్న పిల్ల, "సినిమాలో వేరే మాదిరి ఉండాదంట గదా" అంది.

"సినిమావోళ్లకేం తెలుసు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నేను గదిలో ఉన్నవాళ్లను చూశాను. వాళ్లలో పెద్దావిడ కొడుకు ఆ ఊళ్లో ప్లీడరని మేము వచ్చినప్పుడే చెప్పారు. ఆమె పక్కన ఆసుపత్రి డాక్టరుగారి భార్య. వెనకాల ఎవరి ఇంట్లోనో వంటచేసే మనిషి, చేతులకు పిండి అలాగే ఉంది. ఈ పక్క నుదుట బొట్టులేని ఆమె. తమ్ముడంటారా, ఎవరింట్లో ఉండడు? కథలో ఎవరి మీద వేలు పెట్టినా, ఆ గదిలో ఎవరికో ఒకరికి తగులుతుంది. మా వీధిలో ప్లీడరు లేడు కాబట్టి మాకు ప్లీడరు దొరికాడు. ఇక్కడికి వచ్చేసరికి పంతులమ్మకు ఎవరూ మిగలలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ బొట్టులేని ఆమె మాతోపాటు బస్సు దాకా వచ్చింది. ఇంకో ఇద్దరు కూడా వచ్చారు. మేము ఎక్కి కూర్చున్నాక ఆమె కిటికీ చువ్వ పట్టుకొని అత్తను అడిగింది.

"నిజం జెప్పక్కా. నాకు అదే ఆలోచనగా ఉండాది. ఆయమ్మ మాకు సదివింది నిజమేనా? ఎవరూ సంపలేదు గదా?"

ఆమె ఎందుకంత గట్టిగా అడుగుతోందో నాకు తెలియదు. ఆమె ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. అత్తకు మాత్రం తెలిసినట్టే ఉంది. ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"సీసానే మారిందమ్మా. ఎవరూ సంపలా. మేమే సరిగ్గా ఇనలేదు."

ఆమె నావైపు చూసింది. అక్కడ చదువుకున్నదాన్ని నేనే కదా. "అవునక్కా, సీసానే" అన్నాను.

బస్సు కదిలింది. ఆమె చువ్వ పట్టుకొని కొద్దిదూరం నడిచి వదిలేసింది. నేను తల బయటపెట్టి వెనక్కి చూశాను. ఆమె రోడ్డు మధ్యనే నిలబడి మిగిలిన ఇద్దరికీ చెబుతోంది. మాటలు వినిపించడం లేదు. రెండు చేతుల్లో రెండు సీసాలు పట్టుకున్నట్టు పట్టుకొని, కుడి చేతిది ఎడమ వైపుకు, ఎడమ చేతిది కుడి వైపుకు మార్చి చూపిస్తోంది. వాళ్లు తల ఊపుతున్నారు. ఆమె మళ్లీ మొదటి నుంచి చూపిస్తోంది. దుమ్ము లేచి వాళ్లు కనబడకుండా పోయేదాకా ఆ చేతులు అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి.